పురుగు వీపు మీద కిటికీ

అల్లుణ్ణి నా కౌంటర్ ముందు నిలబెట్టి పోయిన వారం మీ దగ్గర సెలవు తీసుకున్నాను. అతనింకా అక్కడే ఉన్నాడు. భుజానికి మా అమ్మాయి కెమెరా సంచి, చేతిలో గోధుమరంగు కవరు. సంచి తెచ్చి అప్పజెప్పమని కబురు పెట్టింది నేనే. కవరు సంగతి నాకు తెలియదు.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నాది పాత కెమెరాల దుకాణం. వానలు వెలిసిన కొత్తల్లో ఒక పొద్దున మా ఒక్కగానొక్క కూతురు ఊరి చివర మూతబడిన రాళ్ళ క్వారీకి పురుగుల ఫొటోలు తీయడానికి వెళ్ళింది. తడి అంచు మీద కాలు జారి గుంతలో పడి ప్రాణం వదిలింది. ఆడమనిషి కేక విని పరుగెత్తుకొచ్చానని అక్కడి కాపలాదారు చెప్పాడు. అతను వచ్చేసరికి ఒడ్డున కెమెరా మాత్రం పడి ఉందట. ఆ కేక మా అమ్మాయిదేనని అందరం అనుకున్నాం. దాన్ని ఒంటరిగా పంపినందుకు నేను అల్లుడి మొహం చూడటం మానేశాను. మా ఆవిడైతే ఆ మొహాన్ని మొదటి నుంచీ చూడలేదు. అతను లిఫ్టు మెకానిక్. "లిఫ్టు బాగుచేయడానికొచ్చి పిల్లని దించుకుపోయాడు" అనేది. పెళ్ళి సంగతి తెలిసిన రోజున తలుపు వేసుకుని, "నాకు కూతురు లేదు, దానితో మాట్లాడితే ఒట్టు" అంది. అన్నమాట మీద నిలబడింది కూడా. అయితే పిల్ల పోయాక, దాని కెమెరా వెనక్కి తెప్పించమని నన్ను నిద్రపోనివ్వనిది కూడా ఆవిడే. తల్లి కదా, గుర్తుగా ఉంచుకుంటుంది కాబోలనుకున్నాను.

సరే, దుకాణంలోకి వద్దాం. అల్లుడు వచ్చే వేళకి అక్కడ ఒక బేరం నడుస్తోంది. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన తన కెమెరాకి చవకలో లైటు కావాలని వచ్చి, నేను చూపించినదాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇది ఐస్‌క్రీం డబ్బా మూత కదండీ?"

"అవును సార్. ఐస్‌క్రీం కూడా మేమే తిన్నాం. ఆ కష్టానికి విడిగా ఏమీ వేసుకోలేదు."

ఆయన నవ్వలేదు. "కంపెనీది లేదా?"

"ఉంది. అది కొంటే మీరు ఫొటోలు తీయరు. గీత పడుతుందేమోనని బీరువాలో దాచుకుంటారు."

ఈసారి నవ్వాడు. మామూలుగా అయితే అక్కడ అందుకుని ఆయనకి సంగతంతా చెప్పేవాణ్ణి. పురుగుకి దగ్గరగా వెళ్ళేకొద్దీ కెమెరాకి చీకటి పడుతుంది, ఎండ సరిపోదు. పైగా పురుగు మన మాట విని కుదురుగా కూర్చోదు. అందుకని ఫ్లాష్ కావాలి. కానీ ఫ్లాష్ నేరుగా కొడితే మెరిసే పెంకు మీద ఒక తెల్లటి మచ్చ పడి, చుట్టూ అంతా నల్లగా మాడిపోతుంది. మధ్యలో తెల్లని పొర ఒకటి అడ్డం పెట్టి, ఆ పొరని పురుగుకి ఎంత దగ్గరికి తెస్తే వెలుగు అంత మెత్తబడుతుంది. రెండు పొరలు పెట్టి నడుమ వేలెడు ఖాళీ వదిలితే ఇంకా మేలు. లేకపోతే వెలుగంతా నడిమధ్య గడ్డకడుతుంది. ఒక పాత ఫ్లాష్, ఒక డబ్బా మూత, ట్రేసింగ్ పేపరు, లోపలివైపు అతికించడానికి చిప్స్ పాకెట్ రేకు. ఇదీ నా సరుకు. పెద్ద లైట్లు కొనలేనివాళ్ళంతా నా గుమ్మం తొక్కడానికి కారణం అదే. ఈ సరుకు తయారు చేయడం నాకు నేర్పింది మా అమ్మాయి.

"రేపు రండి సార్" అన్నాను. నడుస్తున్న బేరాన్ని నా అంతట నేను ఆపడం అదే మొదటిసారి. ఆయన నన్నూ అల్లుణ్ణీ మార్చి మార్చి చూసి, మూత కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను కూర్చోమనలేదు. అల్లుడు కూర్చోలేదు.

"సంచి అక్కడ పెట్టు."

నిద్రపోతున్న పిల్లని పక్క మీద దించినట్టు దించాడు. అది కూడా నాకు నచ్చలేదు. సరుకు వదులుకోవడం ఇష్టం లేనివాళ్ళు అలాగే దించుతారు.

"ఆ కవరేంటి?"

"ఫొటోలు మామయ్యగారూ. మీరొకసారి చూడాలి."

"అమ్మకానికా?"

"చూడండి ముందు" అని కవరు నా వైపు జరిపాడు. జరిపిన చెయ్యి తన చొక్కా జేబు మీదికి వెళ్ళి, గుండీ పెట్టి ఉందో లేదో తడిమి చూసుకుని వచ్చింది. నా చొక్కాకి ఆవేళ పైగుండీ లేదు. పొద్దున ఊడిపోతే మా ఆవిడ కుట్టుపెట్టె తెచ్చి, మీద కప్పిన సాసరు పక్కన పెట్టి, వెతికి వెతికి సరిపడేది లేదంది. ఆ పెట్టెకి మూత పోయి చాలా రోజులైంది. మనిషి ఎదుట కోపంగా నిలబడి ఉన్నప్పుడు మెడ దగ్గర గుండీ లేకపోవడం కూడా ఒక లోటే. కాలరు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫొటోలు కౌంటర్ అద్దం మీద పరిచాను.

పెంకు పురుగులు. ఆకుపచ్చవి, రాగిరంగువి, తారు చుక్కలా నల్లటివి. ఉతికి ఆరేసిన తెల్లబట్టలోంచి వచ్చినట్టు మెత్తటి వెలుగు. ప్రతి పురుగు వీపు మీదా ఒక కిటికీ.

ఆ కిటికీ గురించి చెప్పాలి. మెరిసే పెంకు అద్దంలాంటిది. ఎదురుగా ఏ లైటు పెడితే దాని బొమ్మ అందులో పడుతుంది. గుండ్రటి మూత పెడితే గుండ్రటి మచ్చ. మా అమ్మాయికి ఆ మచ్చ చూస్తే ఒళ్ళు మంట. మూతని చదరంగా కత్తిరించి, మీద నల్ల టేపు నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి అతికించింది. దాంతో పురుగు వీపు మీద ఊచలతో సహా చిన్న కిటికీ పడేది.

"టేపు వెలుగుని తినేస్తుందే చీమా, ఎవరు కొంటారు దీన్ని?" అన్నాను. చిన్నప్పుడు చీమల వెంట పాక్కుంటూ తిరిగేదని తల్లి పెట్టిన పేరు అది.

"అమ్మకానికి కాదు నాన్నా. అమ్మ తలుపు వేసేసింది. నన్ను కిటికీ అయినా పెట్టుకోనీ" అంది నవ్వుతూ.

అలాంటి లైటు నేను ఇంకెవరికీ చేసి అమ్మలేదు. అదొక్కటే, అది దాని దగ్గరే.

ఒక ఫొటో తిప్పాను. వెనక పెన్సిల్‌తో అల్లుడి సంతకం. ఇంకోటి తిప్పాను. దాని వెనకా అదే.

కోపం వస్తే నా గొంతు పెరగదు, తగ్గుతుంది. వ్యాపారంలో పడ్డ అలవాటు.

"అది పోయి పట్టుమని ఏడాది కాలేదు. దాని ఫొటోల మీద నీ సంతకమా?"

"మామయ్యగారూ, అవి..."

"దొంగ సరుకు నేను చాలా చూశాను. నంబరు గీకేసి తెచ్చేవాణ్ణి చూశాను, స్టిక్కరు మార్చి తెచ్చేవాణ్ణి చూశాను. వాళ్ళకి చెయ్యి వణికేది. నువ్వు తిన్నగా నా దగ్గరికే తెచ్చావు చూడు, నీది గుండె."

"అవి నేను తీసినవే."

"ఆ కిటికీ ఎవరిది?"

"తనదే. తన లైటుతోనే తీశాను. డ్యూటీకి పోయేముందు రోజూ క్వారీ దగ్గరికి వెళ్తున్నాను. తను పోయిన దగ్గర్నుంచీ."

"ఎందుకు? ఏముందని అక్కడ?"

అతను గోడ మీది పాత కెమెరాల వంక చూశాడు.

"తన ఫోన్లో అలారం ఉంది మామయ్యగారూ. పొద్దున్నే మోగుతుంది. ఆపేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెయ్యి రాలేదు. మోగాక ఇంక నిద్ర పట్టదు. ఇంట్లో కూర్చుంటే ఆ సంచి నన్నే చూస్తున్నట్టుంటుంది. ఏం చెయ్యను, తగిలించుకుని వెళ్ళిపోతాను."

మాటలతో నన్ను కొన్నవాళ్ళు లేరు. మాట నిజమా కాదా అని నేను మనిషిని అడగను, సరుకుని అడుగుతాను. షోకేసులోంచి గాజు సీసా ఒకటి తీశాను. అందులో ఒక చచ్చిన పెంకు పురుగు ఉంటుంది, నల్లటిది. లైటు కొనేవాళ్ళకి తేడా చూపించడానికి మా అమ్మాయే ఎక్కడో ఏరి తెచ్చి పెట్టింది. దాన్ని కౌంటర్ మీద బోర్లించాను.

"తియ్యి. ఇక్కడే, నా ఎదురుగా."

అతను సంచి విప్పాడు. కెమెరా కుడిచేతిలోకి, చుట్టల తీగతో ఫ్లాష్ ఎడమచేతిలోకి. మా అమ్మాయి కూడా అలాగే పట్టుకునేది. వంగాడు. ఊపిరి బిగబట్టాడు. అచ్చం మా అమ్మాయిలాగే పై పెదవి లోపలికి మడిచి బిగబట్టాడు. మొగుడూ పెళ్ళాల్లో ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో నాకెలా తెలుస్తుంది?

వెలుగు తళుక్కుమంది. కెమెరా నా వైపు తిప్పి చూపించాడు.

పురుగు వీపు మీద కిటికీ పడింది. కానీ నిటారుగా లేదు. ఒక కీలు ఊడిన తలుపులా పక్కకి వాలి ఉంది.

"తిన్నగా పెట్టు."

"పెట్టలేను మామయ్యగారూ." ఎడమ మణికట్టు చూపించాడు. పెళ్ళికి ముందే ఒకసారి లిఫ్టు తలుపులో పడి నలిగింది అది. పూర్తిగా తిరగదు. ఆ వంక చెప్పి కూడా మా ఆవిడ సంబంధం వద్దంది.

కౌంటర్ మీది ఫొటోలు ఒక్కొక్కటే మళ్ళీ చూశాను. ఆకుపచ్చ పురుగు మీద కిటికీ వాలి ఉంది. రాగిరంగు పురుగు మీద వాలి ఉంది. అన్నీ ఒకే పక్కకి, ఒకే వాలు. కావాలని ఎవరూ పెట్టగలిగే వాలు కాదు. నలిగిన మణికట్టు వాలు. ఇంతసేపూ కిటికీని చూశాను గానీ అది ఎలా నిలబడిందో చూడలేదు. దుకాణం పెట్టిన దగ్గర్నుంచీ సరుకు చూసి మనుషుల అబద్ధాలు పట్టుకుంటూ వచ్చాను. సరుకు చూసి ఒక మనిషి నిజం పట్టుకోవడం నాకు కొత్త.

"టీ తాగుతావా?" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "తను చెప్పేది. మా నాన్న టీ తెప్పించాడంటే బేరం కుదిరినట్టే అని."

ఇద్దరం నవ్వబోయాం. స్టూలు అతని వైపు తోశాను. పెళ్ళయ్యాక నా దుకాణంలో అతను కూర్చోవడం అదే మొదలు.

టీ సగం తాగాక గ్లాసు పక్కన పెట్టి, "కవరు అడుగున ఇంకా ఉన్నాయి" అన్నాడు. "అవి నావి కావు."

పల్చటి కాగితంలో చుట్టి ఉన్నాయి. విప్పాను. నల్లటి పెంకు పురుగు ఒకటి గడ్డిపరక ఎక్కుతోంది. వీపు మీద కిటికీ నిటారుగా ఉంది. చూరు కింద కట్టిన కొత్త కిటికీలా, ఒక్క పిసరు వాలు లేకుండా. అది మా అమ్మాయి చెయ్యి.

"ఆ రోజువి" అన్నాడు. "కెమెరాలో ఉండిపోయాయి. ఆ కార్డు తీసి పక్కన పెట్టి, వేరేది వేసుకుని తిరుగుతున్నా ఇన్నాళ్ళూ. చూసే ధైర్యం లేదు. మొన్న ఆదివారం చూశాను. ఇందులో రెండు వెలుగులున్నాయి మామయ్యగారూ."

కంటికి భూతద్దం పెట్టుకున్నాను. నిజమే. పురుగు వీపు మీద ఎడమవైపు కిటికీ. కుడివైపు, కాస్త కింద, ఇంకో వెలుగు. కోడిగుడ్డు ఆకారం. నడిమధ్యన నల్లటి చుక్క. కిటికీ పక్కన తెరుచుకున్న ఒక కన్నులా ఉంది.

"పాత ఫ్లాష్ ఒకటి అడిగి తీసుకెళ్ళింది నా దగ్గర" అన్నాను. "మొదటి లైటు వెలిగితే దాన్ని చూసి తనూ వెలుగుతుందే, అది. తీగ అక్కర్లేదు. ఏ రాయి మీదో పెట్టి ఉంటుంది."

"నేనూ అలాగే అనుకున్నాను. రెండోది చూడండి."

రెండో ఫొటోలో పురుగు గడ్డిపరక మీద ఇంకాస్త పైకెక్కింది. కోడిగుడ్డు వెలుగు కూడా దానితోపాటు పైకి వచ్చింది. మూడోదాంట్లో పురుగు కొసకి చేరింది. ఆ వెలుగూ చేరింది. రాయి మీద పెట్టిన లైటు పురుగు వెంట నడవదు. కుడిచేతిలో కెమెరా, ఎడమచేతిలో కిటికీ. మా చీమకి ఉన్నవి రెండే చేతులు.

"అది ఒంటరిగా వెళ్ళలేదు" అన్నాను.

అల్లుడు తల ఎత్తలేదు. చెయ్యి మళ్ళీ జేబు మీదికి వెళ్ళింది. "ఎవరో మీకు తెలుస్తుందేమోనని తెచ్చాను" అన్నాడు గ్లాసుకి చెప్పినట్టు.

నేను మళ్ళీ భూతద్దం పెట్టాను. ఆ చుక్కని చూశాను. ఎవరి చేతి పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా చేతి పని నాకు ఇంకా బాగా తెలుసు. మా ఇంట్లో కుట్టుపెట్టెకి కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి ప్లాస్టిక్ మూత ఉండేది. దాని పిడి విరిగిపోతే, ఆ చిల్లులో కోటుకుండే పెద్ద నల్ల గుండీ ఒకటి పెట్టి నేనే బిగించాను.

అతనికి ఏమీ చెప్పలేదు. ఫొటోలు మూడూ కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను. కెమెరా సంచి అతని వైపు తోశాను.

"మీరే తెమ్మన్నారుగా?"

"రేపు పొద్దున అలారం మోగితే ఏం పట్టుకుని పోతావ్?"

అతను సంచి పట్టీని పిడికిట్లో చుట్టుకుని లేచాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "మామయ్యగారూ, అత్తయ్యగారిని ఏమీ అనకండి."

కెమెరా ఇవ్వనందుకు ఇంట్లో గొడవ అవుతుందని అంటున్నాడనుకున్నాను. షట్టరు దించాను. ఎండ నడినెత్తిన ఉండగా నేను షట్టరు దించడం చూసి పక్క దుకాణంవాళ్ళు బయటికి వచ్చారు.

దారంతా కూడికలూ తీసివేతలే. మోకాళ్ళ నొప్పులకి నడవమని డాక్టరు చెప్పాడని మా ఆవిడ పొద్దున్నే బయల్దేరేది. చెప్పులకి ఎర్రమట్టి అంటుకుని వచ్చేది. మా వీధుల్లో ఎర్రమట్టి లేదు. పిల్ల పోయాక నడక మానేసింది. దుఃఖం అనుకున్నాను. మూత పగిలిందన్నదీ ఆ రోజుల్లోనే. ప్రతి ముక్కా నా కళ్ళ ముందే ఉంది. విడివిడిగా చూసినందువల్ల ఏదీ పట్టుబడలేదు.

తలుపు తీస్తూనే, "ఇంత ఎండలో వచ్చారేంటండీ? కెమెరా తెచ్చారా?" అంది.

"లేదు."

"ఇవ్వనన్నాడా? నేను చెప్పానా, వాడు ఇవ్వడని!"

"ఇస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఈ గుండీ కుట్టు."

"పొద్దున లేదన్నాగా."

"మళ్ళీ చూడు."

గొణుక్కుంటూ వెళ్ళి పెట్టె తెచ్చింది. సాసరు తీసి బల్ల మీద పెట్టింది.

"దీని మూతేది?"

"పగిలింది, పారేశానని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"ఎక్కడ పారేశావు?"

"ఎక్కడ పారేస్తారు, చెత్తలో. పనీపాటా లేదా మీకు? దుకాణం మానేసి మూత కోసం..."

ఫొటో తీసి గుండీల పక్కన పెట్టాను.

ఇదేంటని ఆవిడ అడగలేదు. కళ్ళజోడు కోసం కూడా చూడలేదు. ఫొటో చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో పట్టుకుంది. దారిలో నేను చాలా ప్రశ్నలు తయారు చేసుకున్నాను. ఎదుటివాడు తప్పించుకోలేని ప్రశ్నలు వరసగా పేర్చడం నా విద్య. వాటిలో ఒక్కటీ అక్కర్లేకపోయింది. ఆవిడ చూపుడువేలు ఫొటో మీద కదిలింది. తన చేతిలోని వెలుగు మీదికి కాదు, పక్కనున్న కిటికీ మీదికి వెళ్ళి ఆగింది.

"'ఇంకాస్త పైకెత్తమ్మా' అంది" అంది మా ఆవిడ. "ఎత్తాను."



"ఎన్నాళ్ళ నుంచి వెళ్ళేదానివి?"

"నడక మొదలుపెట్టిన దగ్గర్నుంచీ. ఒకరోజు ఆ దారిన పోతుంటే కనపడింది. మట్టిలో బోర్లా పడుకుని ఉంది, చిన్నప్పటిలాగే. నన్ను చూసి లేవలేదు, పిలవలేదు. ఫ్లాషు ఒకటి నా వైపు చాపింది, పట్టుకోమన్నట్టు. పట్టుకున్నాను. మర్నాడు ఈ మూత నేనే తీసుకెళ్ళాను. దాని దగ్గరున్నది చిన్నదైంది."

"మాట్లాడుకునేవాళ్ళా?"

"అది మాట్లాడేది. నేను మాట్లాడలేదు." ఆవిడ గొంతు సన్నబడింది. "ఒట్టు పెట్టుకున్నాగా. లైటు పట్టుకోనని ఒట్టు పెట్టుకోలేదు. 'అమ్మా, ఆ రెక్క చూడు' అనేది. చూసేదాన్ని. 'అమ్మా, మోకాలు ఎలా ఉంది' అనేది. తల ఊపేదాన్ని. అంతే. రేపు మాట్లాడదాం, ఎల్లుండి మాట్లాడదాం అనుకుంటూ..."

"ఆ రోజు కాపలాదారు విన్న కేక..."

"నాదే. పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయ్యాక దాన్ని నేను పిలవడం అదొక్కసారే."

బయట లిఫ్టు పైకి వచ్చి, ఎవరినో దించి, మళ్ళీ కిందికి వెళ్ళింది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "ఒంటరిగా పంపాడని ఆ అబ్బాయిని ఇన్నాళ్ళూ..."

"కాపలాదారు, వాళ్ళూ వీళ్ళూ పరుగెత్తుకొస్తున్నారు. మీరెవరమ్మా అని అడిగితే ఏమని చెప్పను? నాకు కూతురు లేదన్నదాన్నేగా నేను! పొదల వెనక నిలబడి చూశాను, వాళ్ళు దాన్ని పైకి తీసేదాకా. తర్వాత ఇంటికొచ్చి మీకు వంట చేశాను."

మిగతా ఫొటోలు బల్ల మీద పెట్టాను. ఆవిడ గబగబా ఒకటొకటీ తీసి చూసింది. కాగితం విప్పి దులిపింది. నా సంచి లాక్కుని లోపల చెయ్యి పెట్టి వెతికింది.

"చివరిదేది?"

"ఇవే ఇచ్చాడు."

"ఇంకోటి ఉండాలి. ఈ పురుగు ఎగిరిపోయాక కెమెరా నా వైపు తిప్పింది. అందులో పురుగు లేదు. నేనున్నాను."

ఆ కెమెరాకున్న లెన్స్ నేను ఏరి ఇచ్చిందే. చీమ కాలి మీది వెంట్రుక కూడా పట్టే లెన్స్ అది. పురుగు కావాలంటే దానితో ముందుకు జరగాలి. మనిషి కావాలంటే వెనక్కి జరగాలి. మనిషి పూర్తిగా కావాలంటే చాలా వెనక్కి.

"నేను మొహానికి ఈ మూత అడ్డం పెట్టుకున్నాను" అంది మా ఆవిడ. మూత లేని పెట్టెని రెండు చేతులతో పట్టుకుని ఉంది. "'మూత తియ్యమ్మా, ఒక్కసారి, నీ మొహం కనపడాలి' అని నవ్వుతూ వెనక్కి వెనక్కి అడుగులు వేసింది. క్లిక్‌మనడం విన్నాను. ఆ క్లిక్ కంటే ముందు మూత తీశానో, తర్వాత తీశానో నాకు గుర్తు రావట్లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదండీ. అది నా మొహం చూసి పోయిందో, మూత చూసి పోయిందో ఆ ఫొటో చూస్తేగానీ తెలీదు. అందుకే కెమెరా తెమ్మన్నాను. మీరేమో చేతికొచ్చినదాన్ని వెనక్కిచ్చి వచ్చారు!"

ఆవిడ నా చొక్కా పట్టుకుని కుదిపేస్తోంది. ఆ ఫొటో కెమెరాలో లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. గుండీ పెట్టి, మాటిమాటికీ తడిమి చూసుకున్న ఒక చొక్కా జేబులో ఉంది.